పేరూ ఊరూ లేని హబ్ మోటార్‌కి కంట్రోలర్ సెట్ చేయడం ఎలా?

గాలిచక్రం

అందరికీ నమస్కారం. పాత సైకిల్ ఫ్రేమ్ ఒకటి చేతికొచ్చింది. వెనక చక్రం మధ్యలో హబ్ మోటార్ (చక్రాన్ని తిప్పే కరెంటు మోటార్) బిగించే ఉంది. స్టిక్కర్ ఎప్పుడో ఊడిపోయింది, యాక్సిల్ పక్కన చెక్కిన అక్షరాలు తుప్పులో కలిసిపోయాయి. ఎన్ని వాట్లో, ఎన్ని వోల్టులో, ఎవరు చేశారో ఏమీ తెలియదు.

యాక్సిల్ లోంచి వచ్చే కేబుల్‌లో మూడు లావు వైర్లు (పసుపు, ఆకుపచ్చ, నీలం), ఆరు సన్న వైర్లు (ఎరుపు, నలుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు) ఉన్నాయి. లావువాటికి విడివిడిగా బుల్లెట్ కనెక్టర్లు, సన్నవాటికి ఆరు పిన్నుల ప్లగ్.

నా దగ్గర 48 వోల్టుల, 22 ఆంపియర్ల కేటీ రకం కంట్రోలర్ (బ్యాటరీ కరెంటుని మోటార్‌కి వరసగా అందించే పెట్టె), దానికి ఎల్‌సీడీ డిస్‌ప్లే, 13 సిరీస్ (13 సెల్లులు వరసగా కలిపిన) లిథియం బ్యాటరీ ఉన్నాయి. రంగుకి రంగు కలిపి త్రాటిల్ ఇస్తే చక్రం ఒక్కసారి వణికి ఆగిపోతోంది. టకటకా శబ్దం వస్తోంది. డిస్‌ప్లేలో పీ1, పీ2, సీ5 అని బోలెడు సెట్టింగులు ఉన్నాయి. వేటిని మార్చాలి?

టంకంపొగ

సెట్టింగుల జోలికి ఇప్పుడే వెళ్లకండి. రంగుకి రంగు కలిపితే పనిచేయాలన్న రూలేమీ లేదు. మోటార్ చేసినవాళ్లు ఒక వరసలో వేస్తారు, కంట్రోలర్ చేసినవాళ్లు ఇంకో వరసలో వేస్తారు. ఫేజు వైర్లు, అంటే ఆ మూడు లావు వైర్లు, అటూ ఇటూ మార్చి చూడండి, ఏదో ఒకటి తగులుతుంది. హాల్ వైర్లు (సెన్సర్ల సన్న వైర్లు) కదపకుండా ఫేజు వైర్లు మాత్రమే మారిస్తే మొత్తం ఆరు అమరికలే. పావుగంట పని.

లెక్కలపిచ్చి

టంకంపొగ అన్నా, తగులుతుంది సరే. మోటార్ బాగుందో లేదో తెలియకుండా ఆరు అమరికలూ తిప్పితే, హాల్ సెన్సర్ ఒకటి పోయి ఉంటే ఆరింటిలో ఏదీ పనిచేయదు. ఈలోపు కంట్రోలర్‌లో మాస్‌ఫెట్ (కరెంటుని ఆన్-ఆఫ్ చేసే భాగం) ఎగిరిపోతే మోటార్ తప్పో కంట్రోలర్ తప్పో తేల్చలేక తల పట్టుకోవాలి.

గాలిచక్రం గారూ, బ్యాటరీ తీసేసి ముందు ఇవి చూడండి.

కంట్రోలర్ నుంచి మోటార్‌ని పూర్తిగా విడదీయండి. మూడు ఫేజు వైర్లూ దేనికీ తగలకుండా గాల్లో ఉంచి చక్రాన్ని ముందుకీ వెనక్కీ చేత్తో తిప్పండి. ఎటు తిప్పితే ఎలా ఉందో రాయండి. తర్వాత పసుపు-ఆకుపచ్చ కలిపి తిప్పండి. ఆపైన ఆకుపచ్చ-నీలం, తర్వాత పసుపు-నీలం. రెండు వైర్లు కలిపినప్పుడు చక్రం గతుకుల్లో పడి లేస్తున్నట్టు బిగుతుగా తిరగాలి. మూడు జతల్లోనూ ఆ బిగుతు ఒకేలా ఉండాలి. ఒక జతలో ఆ బిగుతు రాకపోతే వైండింగ్ (మోటార్ లోపలి తీగచుట్ట) కానీ వైరు కానీ తెగినట్టే. ఏ రెండూ కలపకుండానే బిగుతుగా ఉంటే యాక్సిల్ లోపల ఫేజు వైర్ల తొడుగు చీకి ఒకదానికొకటి తగులుతున్నాయని అర్థం.

నాలుగోగేరు

పైన చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. ఇది గేర్ మోటార్ (లోపల గేర్లు ఉండేది) అయితే, ముందుకు తిప్పినప్పుడు లోపలి క్లచ్ వదిలేస్తుంది కాబట్టి మోటార్ అసలు తిరగదు, చక్రం మాత్రమే తిరుగుతుంది. అప్పుడు ఈ వైర్లు కలిపే షార్ట్ పరీక్ష ముందుకు తిప్పి చేస్తే ఏమీ తెలియదు. వెనక్కి తిప్పి చేయండి. డైరెక్ట్ డ్రైవ్ (గేర్లు లేకుండా నేరుగా చక్రాన్ని తిప్పేది) అయితే రెండు వైపులా అయస్కాంతాల పట్టు సన్నగా చేతికి తెలుస్తుంది.

గాలిచక్రం

చేశాను. ముందుకు తిప్పితే మామూలు సైకిల్ చక్రంలా హాయిగా తిరుగుతోంది. వెనక్కి తిప్పితే లోపల గిర్రుమని శబ్దం, కొంచెం బరువు. అంటే గేర్ మోటారే కదా?

ఫేజు వైర్లు రెండేసి కలిపి వెనక్కి తిప్పితే మూడు జతల్లోనూ ఒకేలా గతుకులు తగులుతున్నాయి. విడిగా ఉంచితే ఏ బిగుతూ లేదు.

లెక్కలపిచ్చి

గేర్ మోటారే. వైండింగ్ కూడా బాగుంది. మంచి వార్త. ఇప్పుడు హాల్ సెన్సర్లు.

మోటార్ లోపల మూడు హాల్ సెన్సర్లు ఉంటాయి. రోటర్ ఏ స్థానంలో ఉందో కంట్రోలర్‌కి చెప్పేవి అవే. ఎరుపు వైరులో దాదాపు 5 వోల్టులు, నలుపు గ్రౌండ్, మిగతా మూడు సిగ్నళ్లు. ఈ సెన్సర్లు సొంతంగా వోల్టేజీ పంపవు, సిగ్నల్ వైరుని గ్రౌండ్‌కి లాగడం, వదిలేయడం మాత్రమే చేస్తాయి. వదిలేసినప్పుడు 5 వోల్టులు కనిపించేది కంట్రోలర్‌లో ఉన్న రెసిస్టర్ వల్ల. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

మూడు ఫేజు వైర్లకీ విడివిడిగా టేపు చుట్టండి. బ్యాటరీ వోల్టేజీ ఉన్నదేదైనా పొరపాటున హాల్ వైరుకి తగిలిందంటే సెన్సర్లు, కంట్రోలర్‌లోని 5 వోల్టుల సర్క్యూటు ఒకేసారి పోతాయి. హాల్ ప్లగ్ మాత్రం పెట్టి కంట్రోలర్ ఆన్ చేయండి. మల్టీమీటర్ నలుపు ప్రోబ్ నలుపు వైరు మీద, ఎరుపు ప్రోబ్ ఒక్కో సిగ్నల్ మీద ప్లగ్ వెనక నుంచి పెట్టి, చక్రాన్ని చాలా నెమ్మదిగా వెనక్కి తిప్పండి. ప్రతి వైరూ 0 దగ్గర్నుంచి 5 దగ్గరికి, మళ్లీ 0కి మారుతూ ఉండాలి.

కుదిరితే మూడింటి స్థితినీ ఒక కాగితం మీద రాయండి. ఎక్కువ ఉంటే 1, తక్కువ ఉంటే 0. ఇప్పుడు వచ్చే మోటార్లలో దాదాపు అన్నిటికీ సెన్సర్లు 120 డిగ్రీల ఎడంతో ఉంటాయి. వాటిలో 000, 111 అనే స్థితులు ఎప్పుడూ రావు. అవి కనిపిస్తే 60 డిగ్రీల రకమైనా అయి ఉండాలి, లేదా ఒక సెన్సర్ పనిచేయకుండా అయినా ఉండాలి.

గాలిచక్రం

111 కనిపించింది!! పసుపు, నీలం మారుతున్నాయి. ఆకుపచ్చ మాత్రం ఎంత తిప్పినా 4.9 దగ్గరే కూర్చుంది. అంటే ఆకుపచ్చ సెన్సర్ పోయినట్టేనా? మోటార్ విప్పాలా? విప్పడం అంటే టెన్షన్‌గా ఉంది, నైలాన్ గేర్లు ఉంటాయంటున్నారు.

టంకంపొగ

ఆగండాగండి, విప్పకండి. మీరు ప్రోబ్ పెట్టింది ప్లగ్‌లో కంట్రోలర్ వైపా, మోటార్ వైపా?

గాలిచక్రం

కంట్రోలర్ వైపు.

టంకంపొగ

అయితే మోటార్ వైపు అదే ఆకుపచ్చ వైరు మీద పెట్టి చూడండి. లెక్కలపిచ్చి చెప్పింది గుర్తుందా, ఆ 5 వోల్టులు వచ్చేది కంట్రోలర్ నుంచి. సెన్సర్ పోయినా, మధ్యలో వైరు తెగినా కంట్రోలర్ వైపు ఒకేలా 4.9 కనిపిస్తుంది. ప్లగ్‌కి రెండు వైపులా ఒకే రీడింగ్ వస్తే అనుమానం సెన్సర్ మీద, లేదా యాక్సిల్ దగ్గర వంగిన వైరు మీద. వేరువేరుగా వస్తే ప్లగ్‌లోనే దొంగ దొరికినట్టు.

గాలిచక్రం

దొరికాడు. మోటార్ వైపు 0.02 దగ్గర ఊగుతోంది, కంట్రోలర్ వైపు 4.9. ప్లగ్ తీసి టార్చి వేసి చూస్తే ఆకుపచ్చ పిన్ను మిగతావాటికంటే రెండు మిల్లీమీటర్లు వెనక్కి జారి ఉంది. దాన్ని పట్టి ఉంచే చిన్న రేకు నాలుక చదునైపోయింది. సన్న స్క్రూడ్రైవర్‌తో ఆ నాలుకను పైకి లేపి, వెనక నుంచి నెడితే టక్కుమని కూర్చుంది. ఇప్పుడు మూడూ మారుతున్నాయి. రాసుకున్న వరస: 101, 100, 110, 010, 011, 001, మళ్లీ 101.

లెక్కలపిచ్చి

చక్కగా ఉంది. ఆరు స్థితులు, ఒక్కో మెట్టుకీ ఒక్క అంకె మాత్రమే మారుతోంది, 000 లేదు, 111 లేదు. 120 డిగ్రీల రకం, సెన్సర్లు మూడూ బాగున్నాయి.

ఇప్పుడు ఫేజు వైర్లు కలపండి. బ్యాటరీ వైరులో తాత్కాలికంగా 5 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. చక్రం గాల్లో ఉండాలి, దగ్గరలో బట్ట కొసలు, వేళ్లు ఉండకూడదు. త్రాటిల్ కొద్దికొద్దిగానే ఇవ్వండి. ఆంపియర్లు చూపించే మీటర్ ఏదైనా ఉంటే తప్పకుండా పెట్టండి. చక్రం తిరుగుతోందా లేదా అన్నది సగం సమాచారమే. ఎంత కరెంటు తాగుతూ తిరుగుతోందన్నది అసలు పరీక్ష.

గాలిచక్రం

రంగుకి రంగు కలిపి త్రాటిల్ ఇచ్చాను. వణుకు పోయింది. కానీ ఇప్పుడు ఇంకో వింత. లోపల మోటార్ గురగురమంటూ తిరుగుతున్న శబ్దం స్పష్టంగా వస్తోంది, చక్రం మాత్రం కదలట్లేదు! చెయ్యి వేస్తే కొంచెం వెనక్కి లాగుతున్నట్టు ఉంది అంతే. మీటర్‌లో 3 ఆంపియర్ల పైన చూపిస్తోంది. గేర్లు అరిగిపోయాయా?

రాత్రిబండి

గేర్ పళ్లు పోయినట్టే ఉంది. నాకు తెలిసిన ఒక బండికి ఇలాగే అయింది, విప్పితే నైలాన్ పొడి రాలింది.

లెక్కలపిచ్చి

కాదు. గేర్ల పళ్లు పోతే వెనక్కి చేత్తో తిప్పినప్పుడు మోటార్ తిరగదు, హాల్ సిగ్నళ్లు అలా వరసగా రావు. ఈయనకి వచ్చాయి.

జరుగుతున్నది ఇది. మోటార్ వెనక్కి తిరుగుతోంది. గేర్ మోటార్‌లో క్లచ్ ఒక వైపే పట్టుకుంటుంది. మోటార్ ముందుకు తిరిగితే చక్రాన్ని లాక్కెళ్తుంది, వెనక్కి తిరిగితే వదిలేస్తుంది. అందుకే శబ్దం ఉంది, కదలిక లేదు. డైరెక్ట్ డ్రైవ్ అయితే చక్రమే వెనక్కి తిరిగి ఉండేది, మీకు వెంటనే అర్థమయ్యేది.

ఇక ఆ 3 ఆంపియర్ల సంగతి. హాల్ వైర్లు కదపకుండా ఫేజు వైర్లు మార్చితే వచ్చే ఆరు అమరికల్లో ఒక్కటే సరైనది. రెండు అబద్ధపు అమరికలు ఉంటాయి. వాటిలో కంట్రోలర్ ఇచ్చే కరెంటు 120 డిగ్రీలు పక్కకి జరిగి, మోటార్ సగం బలంతో ఉల్టా దిక్కులో తిరుగుతుంది. గురగురమంటుంది, కరెంటు ఎక్కువ తాగుతుంది, వేడెక్కుతుంది. మిగిలిన మూడింటిలో వణికి ఆగిపోతుంది. చాలామంది డైరెక్ట్ డ్రైవ్ మోటార్లలో ఈ అబద్ధపు అమరికను చూసి "తిరుగుతోంది కదా, ఉల్టా తిరుగుతోంది అంతే" అనుకుని సెట్టింగులో దిక్కు మార్చేసి రోడ్డెక్కుతారు. మొదటి ఎత్తుకే పొగ.

నిజంగా సరైన అమరికలో ఉండి ఉల్టా తిరిగేదైతే, చక్రం బరువు కూడా లేదు కాబట్టి కరెంటు ఒక ఆంపియర్ లోపే ఉండాలి. 3 ఆంపియర్లు దాటింది కాబట్టి ఇది అబద్ధపుదే. దీనివల్ల మీకో లాభం ఉంది. ఇక ఆరూ ప్రయత్నించక్కర్లేదు. సరైనది మిగతా రెండు "మెట్టు జరిపిన" అమరికల్లో ఒకటి. మూడు వైర్లనీ ఒక మెట్టు ముందుకు జరపండి: మోటార్ పసుపు కంట్రోలర్ ఆకుపచ్చకి, ఆకుపచ్చ నీలానికి, నీలం పసుపుకి. అది కాకపోతే ఇంకో మెట్టు. అబద్ధపుది వెనక్కి తిరిగింది కాబట్టి సరైనది ముందుకే తిరుగుతుంది.

గాలిచక్రం

ఒక మెట్టు జరిపితే మళ్లీ అదే గురగుర. ఇంకో మెట్టు జరిపాను. చక్రం మెత్తగా ముందుకు తిరిగింది!! శబ్దం అంటే సన్నని గేర్ల రొద మాత్రమే. ఫుల్ త్రాటిల్‌లో 0.8 ఆంపియర్లు. ప్రాణం లేచి వచ్చింది.

కొత్తబ్యాటరీ

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. నాకూ ఇలాంటి గొడవే, కానీ నాది కరెక్టుగా తిరుగుతోంది, వెనక్కి. కరెంటు తక్కువే. సెట్టింగులో దిక్కు మార్చే ఆప్షన్ లేదు. ఏం చేయాలి?

లెక్కలపిచ్చి

హాల్ వైర్లలో ఏవైనా రెండు అటూ ఇటూ మార్చండి. తర్వాత ఫేజు వైర్లలో కూడా ఒక జత మార్చాలి. ఏ జతో కంట్రోలర్‌ని బట్టి ఉంటుంది, కానీ ఉన్నవే మూడు జతలు. ఒక్కొక్కటీ మార్చి చూడండి, మూడింటిలో ఒకటి తక్కువ కరెంటుతో ముందుకు తిరుగుతుంది. మీది డైరెక్ట్ డ్రైవ్ అనుకుంటున్నాను.

కొత్తబ్యాటరీ

అవును, డైరెక్ట్ డ్రైవే. రెండో జతకే పడింది. ధన్యవాదాలు. ఇంకో డౌటు: నా కంట్రోలర్ కూడా 48 వోల్టులదే, 52 వోల్టుల బ్యాటరీ పెట్టొచ్చా?

నాలుగోగేరు

52 అంటే 14 సిరీస్. నిండుగా ఛార్జి చేస్తే 58.8 వోల్టులు. మూత తీసి లోపలి పెద్ద కెపాసిటర్ల మీద రాసిన అంకె చూడండి. 63 అని ఉంటే పనిచేస్తుంది కానీ వెసులుబాటు తక్కువ. మీది డైరెక్ట్ డ్రైవ్ కాబట్టి రీజెన్ బ్రేకింగ్ (బ్రేకు వేస్తే కరెంటుని తిరిగి బ్యాటరీకి పంపేది) ఆన్‌లో ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు దిగుడు రోడ్డు మీద వోల్టేజీ ఇంకా పైకి వెళ్తుంది. రీజెన్ ఆపేయండి, లేదా బ్యాటరీ నిండా ఛార్జి చేయకుండా వాడండి. 50 అని ఉంటే ఆ ఆలోచనే వదిలేయండి. మిగతాది వేరే చర్చలో అడగండి, ఇక్కడ గాలిచక్రం గారి పని అవనివ్వండి.

రాత్రిబండి

గేర్ల విషయంలో నా అంచనా తప్పింది, ఒప్పుకుంటా. ఒక ప్రశ్న: కొన్ని కంట్రోలర్లలో రెండు తెల్ల వైర్లు ఉంటాయి కదా, కలిపితే మోటార్‌ని తనంతట తనే నేర్చుకుంటుందంటారు. అది వాడితే ఈ తతంగం అంతా తప్పేది కదా?

టంకంపొగ

అవి ఉంటే వాడొచ్చు. చక్రం ఎత్తి, ఆ రెండూ కలిపి ఆన్ చేస్తే చక్రం తనే తిరుగుతుంది. వెనక్కి తిరిగితే ఒకసారి విడదీసి మళ్లీ కలిపితే దిక్కు మారుస్తుంది. సరైన దిక్కులో తిరగగానే విడదీసేయాలి, లేకపోతే తర్వాత ఆన్ చేసినప్పుడల్లా అదే పని మొదలుపెడుతుంది. కానీ ఆకుపచ్చ పిన్ను జారి ఉన్నప్పుడు అది కూడా నేర్చుకోలేదు. హాల్ పరీక్ష తప్పదు.

రాత్రిబండి

వెస్క్ అయితే?

లెక్కలపిచ్చి

వెస్క్ వేరే లోకం. స్వీడన్‌కి చెందిన బెంజమిన్ వెడ్డర్ రూపొందించిన ఓపెన్ సోర్స్ కంట్రోలర్ అది. మోటార్‌లోకి తనే కరెంటు పంపి వైండింగ్ రెసిస్టెన్స్, ఇండక్టెన్స్, ఫ్లక్స్ లింకేజ్ (అయస్కాంతాల ప్రభావం వైండింగ్‌కి ఎంత చేరుతోందో చెప్పే అంకె), హాల్ పట్టిక అన్నీ కొలుచుకుంటుంది. రంగుల గొడవ ఉండదు, మూడు ఫేజులు ఎలా కలిపినా ఫరవాలేదు. కానీ కొలిచిన అంకెలు నమ్మదగ్గవో కాదో మీరే పోల్చుకోవాలి. దానికీ ఇప్పుడు గాలిచక్రం చేయబోయే కొలతలే కావాలి.

గాలిచక్రం

సరే, కొలతలు చెప్పండి. డిస్‌ప్లేలో పీ1 అంటే గేర్ నిష్పత్తిని అయస్కాంతాల సంఖ్యతో గుణించాలట. మోటార్ విప్పకుండా ఆ రెండూ ఎలా తెలుస్తాయి?

లెక్కలపిచ్చి

రెండూ విడివిడిగా తెలియక్కర్లేదు. కంట్రోలర్‌కి కావలసింది వాటి లబ్ధమే. చక్రం ఒక్క చుట్టు తిరిగితే ఒక హాల్ వైరు ఎన్నిసార్లు 0-1-0 అయిందో లెక్కపెట్టండి, దాన్ని రెండుతో గుణించండి. హాల్ పల్సు ఒకటి అంటే ఒక జత అయస్కాంతాలు, పీ1 అడిగేది విడి అయస్కాంతాల సంఖ్యని. అంతే తేడా.

మల్టీమీటర్‌తో కళ్లు తిరుగుతాయి. ఒక ఎల్ఈడీ, వెయ్యి ఓముల రెసిస్టర్ వరసగా కలిపి, ఎరుపు వైరుకీ ఒక హాల్ సిగ్నల్‌కీ మధ్య పెట్టండి. సెన్సర్ గ్రౌండ్‌కి లాగినప్పుడల్లా వెలుగుతుంది. టైరు మీద సుద్దముక్కతో గీత పెట్టి, వెనక్కి నెమ్మదిగా ఒక్క చుట్టు. ఫేజు వైర్లు మళ్లీ విడదీసి చేయండి.

అదే ఊపులో తెల్ల వైరు కూడా తేల్చేయండి. అది రెండు రకాలుగా ఉంటుంది. చక్రం ముందుకు తిప్పితే చుట్టుకి ఒకసారి మారుతుంటే అది స్పీడ్ సెన్సర్. ఎంత తిప్పినా మారకపోతే, కంట్రోలర్ ఆపి, ప్లగ్ తీసి, తెలుపుకీ నలుపుకీ మధ్య ఓములు చూడండి. గది వేడి దగ్గర పది వేల ఓములు ఉండి, వేడి చేస్తే తగ్గుతుంటే ఎన్‌టీసీ రకం టెంపరేచర్ సెన్సర్. 600 దగ్గర ఉంటే కేటీవై84. వెయ్యికి కొంచెం పైన ఉంటే పీటీ1000 కావచ్చు, వెయ్యి దగ్గరే ఉంటే కేటీవై83. ఈ రకాలన్నీ ఒకటి కాదు. కంట్రోలర్‌లో తప్పు రకం ఎంచుకుంటే మోటార్ చల్లగా ఉన్నా మరుగుతోందని చూపించి కరెంటు కట్ చేస్తుంది, లేదా మరుగుతున్నా ఊరుకుంటుంది.

గాలిచక్రం

ఎల్ఈడీ చిట్కా అదిరింది. చుట్టుకి 44 వెలుగులు. రెండోసారి కూడా 44. తెల్ల వైరు చక్రం చుట్టుకి ఒకసారి మారుతోంది.

లెక్కలపిచ్చి

అయితే పీ1 = 88. లోపల 20 అయస్కాంతాలు, 4.4 గేర్ నిష్పత్తి అయి ఉండొచ్చు, మనకి అనవసరం. డైరెక్ట్ డ్రైవ్ అయితే గేర్ ఉండదు కాబట్టి ఆ అంకె నేరుగా అయస్కాంతాల సంఖ్యే. 46 అయస్కాంతాలవి చాలా కనిపిస్తాయి.

తెల్ల వైరు చుట్టుకి ఒక పల్సు ఇస్తోంది, కాబట్టి పీ2 = 1. దాన్ని 0 పెడితే డిస్‌ప్లే మోటార్ వేగాన్నే చూస్తుంది. మీది క్లచ్ ఉన్న గేర్ మోటార్, త్రాటిల్ వదిలితే మోటార్ ఆగిపోతుంది, సైకిల్ దిగుడులో దూసుకెళ్తున్నా డిస్‌ప్లే సున్నా చూపిస్తుంది.

ఫుల్ త్రాటిల్‌లో చక్రం గాల్లో తిరుగుతుండగా ఒక హాల్ వైరు మీద మల్టీమీటర్‌ని హెర్ట్జ్ మోడ్‌లో పెట్టి చూడండి. బ్యాటరీ వోల్టేజీ కూడా అదే సమయంలో రాయండి. చెయ్యి జాగ్రత్త, ప్రోబ్‌ని ముందే టేపుతో కట్టేయండి.

గాలిచక్రం

233 హెర్ట్జ్. బ్యాటరీ 53 వోల్టులు. 26 అంగుళాల చక్రం.

లెక్కలపిచ్చి

233ని 44తో భాగిస్తే సెకనుకి 5.3 చుట్లు, నిమిషానికి 318. దాన్ని 53తో భాగిస్తే వోల్టుకి 6 చుట్లు. మీ మోటార్‌కి చిరునామా దొరికింది, స్టిక్కర్ లేకపోయినా. 26 అంగుళాల టైరు చుట్టుకొలత 2.07 మీటర్లు అనుకుంటే బరువు లేకుండా గంటకి 39 కిలోమీటర్ల పైచిలుకు. మనిషి ఎక్కాక చదును రోడ్డు మీద 30, 32 రావచ్చు. ఈ వైండింగ్ 48 వోల్టులకి సరిగ్గా సరిపోయేదే.

రాత్రిబండీ, వెస్క్ వాడేవాళ్లకి ఇదే లెక్క: 6ని 44తో గుణిస్తే వోల్టుకి 264 ఎలక్ట్రికల్ చుట్లు. దాన్నిబట్టి ఫ్లక్స్ లింకేజ్ సుమారు 21 మిల్లీవెబర్లు రావాలి. వెస్క్ కొలిచినప్పుడు 10 అనో 40 అనో చూపిస్తే మళ్లీ కొలిపించాలి.

గాలిచక్రం

ఇక కరెంటు. ఎన్ని వాట్ల మోటారో తెలియదు కదా, 22 ఆంపియర్లూ ఇచ్చేయొచ్చా?

నాలుగోగేరు

ముందు మీ బ్యాటరీ బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూటు) ఎన్ని ఆంపియర్లకి?

గాలిచక్రం

నిరంతరంగా 20.

నాలుగోగేరు

అయితే ఆ ప్రశ్నకి సగం జవాబు అక్కడే ఉంది. సీ5లో 10 అంటే కంట్రోలర్ పూర్తి కరెంటు. 6 పెడితే 1.25తో భాగించినంత, అంటే 17.6 ఆంపియర్లు. 3 పెడితే సగం, 11. మొదటి రోజు 3తోనే నడపండి. సీ12ని 4 దగ్గరే ఉంచండి, 40 వోల్టుల దగ్గర కట్ అవుతుంది. 13 సిరీస్‌కి సెల్లుకి 3 వోల్టుల పైన పడుతుంది. సీ2ని 0 దగ్గర్నుంచి కదపొద్దు.

ఇంకోటి, టార్క్ ఆర్మ్ (యాక్సిల్ తిరగకుండా ఫ్రేమ్‌కి పట్టి ఉంచే బద్ద) పెట్టారా? గేర్ మోటార్లు స్టార్టింగ్‌లో యాక్సిల్‌ని గట్టిగా మెలిపెడతాయి. ఫ్రేమ్ గాడిలోంచి యాక్సిల్ జారి ఒక్క చుట్టు తిరిగిందంటే మీరు ఇంత కష్టపడి కలిపిన తొమ్మిది వైర్లూ తెగిపోతాయి. అల్యూమినియం ఫ్రేమ్ అయితే మరీనూ.

లెక్కలపిచ్చి

మిగతా సగం జవాబు వైండింగ్‌లో ఉంది. మామూలు మల్టీమీటర్ ఇంత తక్కువ రెసిస్టెన్స్ చూపించలేదు, ప్రోబ్ వైర్ల రెసిస్టెన్సే ఎక్కువ. కరెంటు లిమిట్ ఉన్న పవర్ సప్లై ఉంటే రెండు ఫేజు వైర్ల మధ్య 2 ఆంపియర్లు పంపి, ఆ వైర్ల మీదే నేరుగా వోల్టేజీ కొలవండి.

గాలిచక్రం

ఉంది. 2 ఆంపియర్లకి 0.36 వోల్టులు.

లెక్కలపిచ్చి

అంటే 0.18 ఓము. 20 ఆంపియర్లు వైండింగ్‌లో పారితే 72 వాట్లు వేడిగా పోతాయి. 40 ఆంపియర్లయితే 288 వాట్లు. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. డిస్‌ప్లేలో కనిపించేది బ్యాటరీ కరెంటు. ఎత్తు ఎక్కుతూ చక్రం నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు వైండింగ్‌లో పారేది దానికి రెట్టింపు పైనే ఉండొచ్చు. 17 ఆంపియర్ల లిమిట్ పెట్టినా నడక వేగంతో ఎత్తు ఎక్కితే లోపల 40 దాటడం వింతేమీ కాదు. పైగా గేర్ మోటార్‌లో అసలు మోటార్ లోపలి డబ్బాలో ఉంటుంది, బయటి కవర్‌కి వేడి చేరడానికి చాలాసేపు పడుతుంది. కవర్ పట్టుకుంటే గోరువెచ్చగా ఉందంటే లోపల అంతే ఉందనుకోకండి.

అందుకే వాట్లు ఎన్ని అన్న ప్రశ్నకంటే, ఎంతసేపు, ఎంత నెమ్మదిగా ఎక్కుతున్నారన్నది చూడండి. ఎత్తులో వేగం గంటకి 12, 13 కంటే పడిపోతుంటే తొక్కి సాయం చేయండి, లేదా త్రాటిల్ వదలండి.

గాలిచక్రం

చివరికి పెట్టినవి: పీ1 88, పీ2 1, పీ3 1, పీ4 0, సీ5 ముందు 3, తర్వాత 6. సీ12 4. రెండు వైపులా టార్క్ ఆర్మ్. హాల్ ప్లగ్‌కి జిప్ టై వేసి ఫ్రేమ్‌కి కట్టాను, పిన్ను మళ్లీ జారకుండా. ఫేజు వైర్ల మీద రంగు టేపు చుట్టాను, తర్వాత ఎవరైనా చూసి రంగుకి రంగు కలపకుండా.

సీ5 3లో చదును రోడ్డు మీద బాగా నడిచింది కానీ ఎత్తులో నీరసం. 6లో పెట్టాక పొడుగాటి ఎత్తు ఒకటి తొక్కుతూ ఎక్కాను, దిగి చూస్తే కవర్ గోరువెచ్చగా ఉంది. పది నిమిషాలు ఆగి మళ్లీ చెయ్యి పెడితే ఇంకా వేడెక్కింది. లెక్కలపిచ్చి గారు చెప్పింది అప్పుడు అర్థమైంది. ఇప్పుడు 5కి తగ్గించాను, 16.5 ఆంపియర్లు.

రాత్రిబండి

పీ3 1 ఎందుకు?

గాలిచక్రం

0లో పెడల్ వేయగానే ఒక్కసారి లాగుతోంది. 1లో మెత్తగా అందుకుంటోంది. గేర్లకి కూడా మంచిదనిపించింది.

రెండుచక్రాలు

ఇప్పుడే చేరాను, మొత్తం చదివాను. నాది కూడా స్టిక్కర్ లేని గేర్ మోటారే, చూడ్డానికి ఇలాగే ఉంది. నేను కూడా పీ1లో 88 పెట్టేయొచ్చా?

టంకంపొగ

ఎల్ఈడీ ఉందా?

రెండుచక్రాలు

ఉంది.

టంకంపొగ

రెసిస్టర్ కూడా వెతికి పెట్టుకోండి. చక్రం వెనక్కి, ముందుకు కాదు.